కదిలే వంటింట్లో ఊడిన గట్టు

మొన్న వేసవిలో అమెరికా నుంచి మా చెల్లెలు ఒక ఫోటో పంపింది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రైలర్ ఇల్లొకటి వాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, సెలవుల్లో పిల్లలతో కొండలూ అడవులూ తిరగటానికి. అందులో రెండడుగులు వేస్తే అయిపోయే వంటిల్లు. స్టౌ పక్కన గట్టు మీద అంటించిన సన్‌మైకా లాంటి షీటు ఒక మూల లేచిపోయి, దాని కింద చెక్క నల్లబడి వుంది. "తుడిచినప్పుడల్లా గుడ్డ తట్టుకుంటోంది. కిందికి నీళ్లు దిగుతున్నాయి. ఏం చెయ్యాలో చిన్నమ్మనడుగు" అని రాసింది.

ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు మనుషులున్న ఇంటి నుంచి, ఏడో తరగతితో బడి మానేసిన మా చిన్నమ్మకి వచ్చిన ప్రశ్న అది. అడగటంలో వింతేమీ లేదు. ఆత్మకూరులో కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు పక్కన చిన్నమ్మ 2008 నుంచి టిఫిన్ బండి నడుపుతోంది. కదిలే వంటిల్లు ఎక్కడ ఊడుతుందో, ఎందుకు ఊడుతుందో ఆమెకి తెలిసినంతగా మా ఇళ్లల్లో ఇంకెవరికీ తెలియదు.

ఫోన్లో ఫోటో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మొదట ఆ షీటు పట్టుకోని పీకొద్దని చెప్పు పాపా. పీకితే ఇరుగుతాది. ఆ సందులో సన్న కత్తి పెట్టి లోపల చెక్కని పొడిచి చూడమను. గట్టిగుంటే బతికినట్టే. మెత్తగా పొట్టు రాలితే మాత్రం ఆ ముక్క కోసేసి కొత్తది పెట్టాల్సిందే. పైపైన అంటించుకుంటే నెల కూడా నిలబడదు."

ఈ నాలుగు మాటల వెనక ఒక చరిత్ర వుంది. దాన్ని రాయాలనిపించింది. మనం వంటింటి గురించి చాలా రాశాం. విమల 'వంటిల్లు' కవిత చదివి వులిక్కిపడిన తరం మాది. కానీ ఆ వంటింట్లో వున్న గట్టు గురించి, అది ఏ ఎత్తున వుందో, ఏ పదార్థంతో చేశారో, ఎవరు పెట్టారో, ఊడితే ఎవరు బాగుచేస్తున్నారో పెద్దగా మాట్లాడుకోలేదు.

*

మా అమ్మ, చిన్నమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. అందులో అదొకటి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పటికి అమ్మకి పెళ్లయి ఆత్మకూరులో వుంది. చిన్నమ్మకి పదమూడేళ్లు. బడి ఆ ఏడాదితో ఆగిపోయింది.

ఆ రోజుల గురించి మగవాళ్లు చెప్పేటప్పుడు పొలాల లెక్క చెబుతారు. ఎకరానికి ఎంతిచ్చారో, కోర్టుకి ఎవరు పోయారో, ఎవరికి ఎంత పెరిగిందో చెబుతారు. చిన్నమ్మ చెప్పేది వేరు. "దూలాలు తీసినారు, వాకిలి తీసినారు, కిటికీలు తీసినారు. అన్నీ ఎద్దులబండి మీదికి ఎక్కించినారు. పొయ్యి మాత్రం ఎవురూ ఎత్తలేదు. ఎట్ల ఎత్తుతారు? అది నేలకే అతుక్కోనుండె. మా అమ్మ పొయ్యి అలికి, ముగ్గేసి వచ్చింది. నీళ్లలో మునిగేదానికి ముగ్గెందుకే అని మా నాయన అరిచినాడు."

మట్టిపొయ్యి ఆడవాళ్ల చేతిపని. మన్ను తెచ్చేదీ, పొట్టు కలిపి తొక్కేదీ, గిన్నె అడుగుని బట్టి కొలత తీసుకుని నోరు తీర్చేదీ, వారం వారం అలికి పగుళ్లు పూడ్చేదీ వాళ్లే. ఇంట్లో ఆడమనిషి తన చేత్తో తన కొలతకి కట్టుకున్న వస్తువు అదొక్కటే అయివుండొచ్చు. దాని ముందు గొంతుక్కూచుని, పొగలో కళ్లు నలుపుకుంటూ బతుకంతా గడపాల్సి రావటం నిజమే. ఆ పొగని నేను పొగడటం లేదు. నేను చెప్పేది, ఆ పొయ్యి చెడిపోతే బాగుచేసే విద్య ఆమె చేతిలో వుండేదని. పరిహారం పట్టాదారుకి వచ్చింది. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేర్ల మీదే వుండేవి. ఇంటికి గోడలెన్ని, దూలాలెన్ని అని లెక్కగట్టిన వాళ్లు పొయ్యిని లెక్కలో రాసుకోలేదు.

ఆత్మకూరు చేరాక అమ్మమ్మ మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టింది. ప్రయాణంలో వున్న మనిషి పెట్టుకునే పొయ్యి అది. ఆ మూడు రాళ్ల మీదే రెండేళ్లు వండిందట.

ప్రయాణపు పొయ్యిలు ఆత్మకూరుకి కొత్త కాదు. నల్లమల అడవి అంచునున్న ఊరు మాది. పక్కనున్న వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరే కాలిబాట శ్రీశైలానికి చాలా పాత దారి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం చూడటానికి ఆత్మకూరు మీదుగానే అడవిలోకి పోయాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' నిండా మజిలీల లెక్కలే. ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగటానికి వసతి వుంది అని ఓపిగ్గా రాసుకున్నాడు. అన్నీ వంటకి కావలసినవే. ఇప్పటికీ ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు వేల సంఖ్యలో ఆ అడవిదారిన నడుస్తారు. వాళ్ల వెనక వంట సామాన్లు, బియ్యం మూటలు నింపుకున్న వాహనాలు వస్తాయి. ఏ చెట్టు కింద ఆగితే అక్కడే వంట. పెద్ద గుంపుకి డేగిసాల్లో వండేచోట గరిటె మగవాళ్ల చేతిలో వుంటుంది. పక్కనే ఒక కుటుంబం ఆగి వండుకుంటే గరిటె ఆమె చేతిలో వుంటుంది. దారి ఒకటే, మంట ఒకటే. నలుగురు చూసే వంట విద్య అయింది. ఇంట్లోవాళ్లు తినే వంట చాకిరీ అయింది.

*

మా ఇళ్లల్లో ఆడవాళ్లు నేల మీంచి లేచి నిలబడి వండటం ఎప్పుడు మొదలైందని అడిగితే చిన్నమ్మ వెంటనే జవాబు చెబుతుంది. గ్యాసు వచ్చినప్పుడు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. చిన్నమ్మకీ వచ్చింది. సిలిండరు నిలబడివుండాలి, స్టౌ దానికంటే ఎత్తులో వుండాలి అని గ్యాసు వాళ్ల నియమం. అంటే స్టౌ కోసం గట్టు కావాలి. ఆడవాళ్ల నడుము నొప్పి చూసి ఎవరూ గట్టు కట్టలేదు. సిలిండరు ఎత్తు చూసి కట్టారు.

గట్టుకి బండలు వెతుక్కోనవసరం లేని జిల్లా మాది. బేతంచెర్ల నాపరాళ్లు దేశమంతా పోతాయి. గోడకి ఆనించి రెండు ఇటుక దిమ్మెలు కట్టి, పైన ఒక బండ పరిస్తే గట్టయిపోయింది. నీళ్లకి చెడదు, వేడికి ఊడదు. గట్టిగా తోమినా ఏమీ కాదు. ఆ బండకి ఒకటే లోపం. అది కదలదు.

2008లో చిన్నాయన పని పోయి ఇల్లు గడవటం కష్టమైనప్పుడు చిన్నమ్మ సంఘంలో అప్పు తీసుకుని బండి చేయించింది. ఇనుప చట్రం, నాలుగు చక్రాలు, పైన రేకు. గట్టు దగ్గరికొచ్చేసరికి నాపరాయి పనికిరాలేదు. ఆ బరువు తొయ్యలేరు, గుంతలో చక్రం పడితే రాయి పగులుతుంది. ప్లైవుడ్ వేసి పైన సన్‌మైకా అంటించారు. బండి తేలికైంది, చూడటానికి శుభ్రంగా వుంది. అక్కడి నుంచి ఆమెకి షీటుతో కాపురం మొదలైంది.

*

ఈ షీటు పేరులో ఒక ఆడవాళ్ల కథ దాగి వుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మైకా అంటే అభ్రకం. మన పల్లెల్లో కాకిబంగారం అంటారు. వేడినీ కరెంటునీ తట్టుకుంటుంది కనుక విద్యుత్ యంత్రాలకి అది ప్రాణం లాంటిది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో అభ్రకం గనులు తవ్వి ఎగుమతి చేశారు. తవ్విన అభ్రకాన్ని శుభ్రం చేసి, కత్తితో పొరలు పొరలుగా చీల్చే పనుల్లో ఆడకూలీలు వున్నారు. ఆ చీల్చటంలో చెయ్యి ఎంత నేర్పుగా వుంటే పొర అంత పల్చగా వస్తుంది.

1913లో అమెరికాలోని సిన్సినాటిలో ఇద్దరు ఇంజనీర్లు, హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్, అభ్రకానికి బదులుగా వాడగల పదార్థాన్ని తయారుచెయ్యటానికి కంపెనీ పెట్టారు. జిగురులో ముంచిన పొరల్ని కలిపి వేడితో, ఒత్తిడితో గట్టి పలకగా చేశారు. 'మైకా బదులు' అనే అర్థం వచ్చేలా ఫార్మైకా అని పేరు పెట్టారు. 1930ల చివరికి పైపొరకి మెలమైన్ జిగురు వాడటంతో రంగులు, డిజైన్లు వేసుకోగల, మరక పట్టని షీటు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా వంటిళ్లని అది కమ్మేసింది. మన దగ్గర సన్‌మైకా అనే బ్రాండు పేరే అన్ని షీట్లకీ పేరైపోయింది. షీటులో అభ్రకం లేదు, పేరులో మాత్రం మిగిలింది. గూడూరు ఆడకూలీల చేతిపనికి బదులుగా పుట్టిన వస్తువు, వందేళ్లకి ఆత్మకూరులో ఇంకో ఆడమనిషి చేతికింద చేరింది.

కదిలే వంటిల్లుకీ ఇలాంటి మలుపే వుంది. ఇళ్లల్లో వున్న వంటిల్లుని చిన్నదిగా చేసి బండిలో పెట్టారని మనమనుకుంటాం. నిజానికి ఆధునిక వంటిల్లే రైలుబండి నుంచి దిగింది. ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె ష్యూటె-లిహోత్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటిల్లు రూపొందించింది. రైళ్లలో భోజనపు పెట్టెలోని ఇరుకు వంటగదిలో అంతమందికి ఎలా వండుతున్నారో గమనించి, అడుగులు తగ్గేలా గట్టు, అరలు, తొట్టి అన్నీ చేతికందే దూరంలో అమర్చింది. అలాంటి వంటిళ్లు దాదాపు పదివేలు కట్టారు. ఇవాళ్టి అపార్ట్‌మెంట్ వంటిల్లు దాని సంతానమే. ఆడవాళ్ల శ్రమ తగ్గితే వాళ్లకి బయటి జీవితం దొరుకుతుందని ఆమె నమ్మింది. నాజీలని ఎదిరించి 1941 నుంచి 1945 దాకా జైల్లో వున్న మనిషి ఆమె. ఆ వంటిల్లు చెయ్యటానికి ముందు తను వంట చేసి ఎరగనని తర్వాత ఆమే చెప్పింది. ఆ గదిలో ఒక్క మనిషికే చోటని, రెండో మనిషి వచ్చి చెయ్యి వేద్దామన్నా కుదరదని తర్వాతి తరం స్త్రీవాదులు విమర్శించారు. రెండూ నిజమే. అడుగులు తగ్గాయి, పని మాత్రం ఆమె ఒక్కదాని దగ్గరే వుండిపోయింది.

ట్రైలర్ ఇళ్లదీ ఇదే కథ. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు చేసిన వాలీ బయమ్ గురించి అమెరికాలో ఒక కథ ప్రచారంలో వుంది. 1920ల్లో ఆయన భార్య, వంటిల్లు లేకుండా గుడారాల్లో వుండటానికి రానందట. అందుకని ఆయన కారు చట్రం మీద చిన్న ఇల్లు కట్టాడట. ఈ కథని అందరూ భార్య ముచ్చట తీర్చిన భర్త కథగా చెప్పుకుంటారు. నాకు ఇంకోలా వినిపిస్తుంది. సెలవులో కూడా వండాల్సింది తనేనని ఆమెకి ముందే తెలుసు. 1954లో వచ్చిన 'ద లాంగ్, లాంగ్ ట్రైలర్' సినిమాలో భర్త బండి నడుపుతుంటే లూసీల్ బాల్ వెనక ట్రైలర్‌లో భోజనం తయారుచెయ్యబోతుంది. కుదుపులకి గిన్నెలూ, పిండీ, మనిషీ కలిసి దొర్లుతారు. హాలంతా నవ్వే దృశ్యం అది. మా చెల్లెలు ఆ సినిమా చూసి నవ్వలేదు. "బండి ఆగాక వాళ్లు ఫోటోలు తీసుకుంటారు, నేను పోపు పెడతాను" అంది.

*

ఇక షీటు ఎందుకు ఊడుతుంది? షీటు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు. జిగురులో నానిన మందపు కాగితాలు అడుగున, డిజైను కాగితం పైన. పైపొరకి నీళ్లు ఏమీ చెయ్యలేవు. కానీ అంచున పూత వుండదు. అక్కడి నుంచి తడి దిగి కింది చెక్కని చేరుతుంది. చెక్క వుబ్బుతుంది, షీటు వుబ్బదు. రెండూ విడిపోతాయి. పొయ్యి వేడికి జిగురు మెత్తబడుతుంది. రోడ్డు కుదుపులు రోజూ ఆ సందుని ఇంకొంచెం తెరుస్తాయి. మామూలు తెల్ల జిగురు నీళ్లకి లొంగిపోతుంది. రబ్బరు జిగురు కొంచెం మేలు. ట్రైలర్‌లో అయితే ఇంకో ఇబ్బంది. బరువు తగ్గటానికి గట్టు కింద చెక్కపొట్టు అదిమి చేసిన అట్ట వాడివుంటే, ఒకసారి నీళ్లు తాగాక అది మళ్లీ గట్టిపడదు.

ఇదంతా చిన్నమ్మ పుస్తకంలో చదవలేదు. మొదటి వానాకాలంలోనే బండి షీటు లేచింది. వడ్రంగిని పిలిచింది. అతను బండి ఆమెదని తెలిసీ చిన్నాయనతోనే మాట్లాడాడు. ఎంతవుతుందో ఆయనకే చెప్పాడు. తడి చెక్క మీదే జిగురు రాసి, పైన నాలుగు మేకులు కొట్టి పోయాడు. మేకు కన్నాల్లోంచి కూడా నీళ్లు దిగి, రెండు నెలలకి మొత్తం లేచింది. రెండోసారి ఇంకో వడ్రంగి వచ్చినప్పుడు ఆమె పక్కనే నిలబడి ప్రతి పనీ చూసింది. మూడోసారి ఎవరినీ పిలవలేదు. ఉలి పట్టుకున్న ఆడమనిషిని నేను ఆత్మకూరులో చూడలేదు. చిన్నమ్మ ఉలి పట్టలేదు కూడా. వంటింటి సామాన్లతోనే పని కానిచ్చింది.

ఆ పద్ధతే చెల్లెలికి చెప్పించింది. ముందు సిలిండరు కట్టేసి బయట పెట్టాలి, కిటికీలు తెరవాలి. రబ్బరు జిగురు ఆవిరి నిప్పంటుకుంటుంది, తలా తిప్పుతుంది. లేచిన చోట పైన గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె సన్నటి వేడితో తిప్పితే పాత జిగురు మెత్తబడి షీటు విరక్కుండా ఇంకొంచెం లేస్తుంది. లోపల పాత జిగురంతా గీకెయ్యాలి. చెక్క పూర్తిగా ఆరాలి. చిన్నమ్మ అయితే రెండ్రోజులు బండి తియ్యకుండా ఎండలో పెడుతుంది. ఆ రెండ్రోజుల బేరం పోతుంది. అయినా తడి మీద అంటించదు. తర్వాత చెక్కకీ, షీటు అడుక్కీ రెండిటికీ జిగురు పల్చగా రాసి, వేలు పెడితే అంటనంత దాకా ఆగాలి. ఈ జిగురు ఒకసారి తగిలితే మళ్లీ సర్దుకోనివ్వదు. అందుకని మధ్యలో చీపురుపుల్లలు పరిచి, షీటుని సరిగ్గా ఆనించి, అతుక్కునివున్న వైపు నుంచి ఒక్కో పుల్లా లాగుతూ అప్పడాలకర్రతో అంచువైపుకి వత్తుకుంటూ రావాలి. లోపల గాలి మిగలకూడదు. పైన పీట పెట్టి రుబ్బురోలు పొత్రమంత బరువేదైనా పెట్టాలి. చివర అంచుకి నీళ్లు దిగకుండా సీలు చెయ్యాలి. "అంచు ముయ్యకుంటే మిగతాదంతా దండగ" అని రెండుసార్లు చెప్పింది.

చీపురుపుల్లలు అమెరికాలో దొరక్క చెల్లెలు ఐస్‌క్రీం పుల్లలు వాడింది. అప్పడాలకర్ర వుంది. నిలిచింది.

ఈ పనిని ఏమని పిలవాలి? వడ్రంగి చేస్తే పని, దానికి కూలి వుంది, కుల వృత్తిగా పేరు వుంది. చిన్నమ్మ చేస్తే "ఏదో సర్దుకుంది" అంటారు. పొయ్యి పగుళ్లు పూడ్చిన అమ్మమ్మకీ ఇదే మాట దక్కింది. స్త్రీల చరిత్ర రాసేటప్పుడు పోరాటాలు వెతికాం, రచనలు వెతికాం. వెతకాల్సిందే. ఈ బాగుచెయ్యటాల్ని కూడా వెతకాలి. వంటిల్లు నడుస్తున్నదంటే ఎవరో రోజూ దాని పగుళ్లు పూడుస్తున్నారని అర్థం. పూడ్చినచోట గుర్తు మిగలదు. మిగలకపోవటమే ఆ పనిలో నేర్పు. చరిత్రకి అందకపోవటానికి అదీ ఒక కారణం.

కొన్నేళ్ల కిందట బండి చెక్క పూర్తిగా పాడైంది. ఈసారి చిన్నమ్మ వెల్డింగు షాపుకి తనే పోయింది. బండిలో తను నిలబడేచోట నిలబడి, మోచేతికి కొంచెం కింద సుద్దతో గీత గీసింది. గట్టు అక్కడుండాలంది. పాతదానికంటే మూడంగుళాలు తక్కువ. బండ్లన్నీ ఒకటే కొలతమ్మా, అట్లా కుదరదన్నాడు షాపతను. అయితే ఇంకో షాపుకి పోతానంది. కోయించుకుంది. దోసెలు పోసే చెయ్యి సాయంత్రానికి భుజం దాకా లాగటం అప్పటి నుంచి తగ్గింది. అప్పుడప్పుడూ సాయానికి నిలబడే చిన్నాయన మాత్రం వంగాల్సి వస్తోందని సణుగుతాడు.

బాగుచేసిన గట్టు ఫోటో చెల్లెలు పంపింది. దాని ముందు తనే నిలబడి తీయించుకుంది. చిన్నమ్మ షీటు అంచు దగ్గర పెద్దది చేసి చూసి తృప్తిగా తలూపింది. తర్వాత చెల్లెలి భుజాలు చూసింది.

"పాప రెక్కలు పైకెత్తుకోని తరుగుతా వుంది చూడు. ఆ గట్టు దానికి ఎత్తు."

అమెరికాలో గట్టు ముప్పయ్యారంగుళాలుంటుంది, అక్కడ అందరికీ అదే కొలత అని చెప్పాను.

"ఎవుర్ని నిలబెట్టి కొలిచినారంట?" అనడిగి, పిండి కలుపుకోటానికి లేచిపోయింది.